పాపాయి చేతి మీద రేకు

పాపాయి చెయ్యి పూతరేకుల కుండ దగ్గర ఒక్కనాడూ కాలలేదు. గంజి వారుస్తుంటే కాలింది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత అయ్యో అంటారు. పాపాయి కూడా చెప్పేటప్పుడు ముందు నవ్వేది.

ఆత్రేయపురం పక్కన మా ఊళ్ళో పూతరేకులు తీసే ఆడవాళ్ళు వీధికి నలుగురున్నారు. కానీ చెయ్యి తిరిగిన మనిషి అంటే పాపాయే. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో నీళ్ళలా పల్చటి బియ్యప్పిండి పాలు. కుడిచేత్తో గుడ్డని అందులో ముంచి, వేళ్ళన్నీ చాపి, కుండ వీపు మీద ఒక్కసారి లాగుతుంది. గుడ్డ అటు దాటేలోగా రేకు ఆరిపోయి అంచు పైకి లేస్తుంది. లేచిన అంచుని ఎడంచెయ్యి అందుకుని తీసేస్తుంది. ఆలస్యం చేస్తే రేకు మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. బుర్రతో ఆలోచించి చేసే పని కాదది. పాపాయి రేకులు తీస్తూ పక్కింటి వాళ్ళ గొడవ మొత్తం వినగలదు, మధ్యలో తీర్పు కూడా చెప్పగలదు.

తీర్పులు వినడానికి ఎదురుగా ఆవిడ తోడికోడలు వెంకటదుర్గ ఉండేది. పాపాయి రేకు తీస్తే దుర్గ నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడత పెట్టేది. ఇద్దరి భర్తలూ చిన్నవయసులోనే పోయారు. పాపాయికి పిల్లల్లేరు. దుర్గకున్న ఒక్క కూతురూ తునిలో కాపురం ఉంటోంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ పొద్దస్తమానం దెబ్బలాడుకునేవాళ్ళు. కూరలో ఉప్పెక్కువైందని ఒకరు, నీ నోటికే రోగమని ఇంకొకరు. అంత దెబ్బలాడుకున్నా ఒకరు తలకి పోసుకుంటే ఇంకొకరు వీపు రుద్దేవారు, ఒకరికి కాళ్ళు పీకితే ఇంకొకరు పట్టేవారు. రెండేళ్ళ క్రితం వర్షాకాలంలో దుర్గ జ్వరంతో పోయింది.

అప్పట్నించీ పాపాయి ఉత్త రేకులే తీస్తోంది. మడతపెట్టడం గంగరాజు కొట్లో వేరేవాళ్ళు చేసుకుంటారు. సాయంత్రం గంగరాజు మనిషి సైకిలేసుకొచ్చి రేకుల బుట్ట పట్టుకుపోతాడు. ఆ మనిషితో రెండు మాటలు, కొబ్బరాకు తెచ్చేవాడితో ఒక మాట, అంతే. పాపాయికి నోరు లేక కాదు. ఆ నోటికి సరిపడా చెవులు ఇంట్లో లేకుండాపోయాయి. ఊళ్ళో వాళ్ళకి ఆవిడంటే గౌరవమే. ఆ గౌరవంతోనే ఎవరూ గడప లోపలికి వచ్చేవారు కాదు.

కార్తీకమాసం వచ్చింది. పంచారామాలు తిరిగే బస్సులు రావులపాలెం మీదుగా వెళ్తూ గంగరాజు కొట్టు దగ్గర ఆగుతాయి. ద్రాక్షారామం వెళ్ళేవాళ్ళు దేవుడికి కొబ్బరికాయ కొన్నా కొనకపోయినా తమకి పూతరేకులు మాత్రం కొంటారు. చేతినిండా పని ఉన్న రోజుల్లోనే, ఒంటిమనిషి అన్నానికి గంజి వారుస్తుంటే మూత జారింది. కుడిచేతి మీద, వేళ్ళ వెనక నుంచి మణికట్టు దాటి మోచేతి దాకా మరిగే గంజి పడిపోయింది.

కేకకి వీధి వీధంతా వచ్చింది. ఒకావిడ టూత్‌పేస్టు పూసింది. ఇంకొకావిడ అది తప్పని చెప్పి దాని మీదే కలబంద గుజ్జు పూసింది. మూడో ఆవిడ పసుపు పట్టుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా వీధివాళ్ళకి ఇంకెవరూ నేర్పక్కర్లేదు. చివరికి ఆటో నడిపే చినబాబు అందరినీ పక్కకి తప్పుకోమని, పాపాయిని రావులపాలెంలో ఒక చిన్న నర్సింగ్‌హోముకి తీసుకుపోయాడు.

అక్కడ డాక్టరు హేమశ్రీ అని చిన్నవయసు పిల్ల. పూసినవన్నీ కడిగించి, చెయ్యి తిప్పి తిప్పి చూసింది. పై పొరలే కాలాయి, లోతుకి పోలేదు, నయమవుతుందంది. అయితే చర్మం నెమ్మదిగా వచ్చినా, మధ్యలో చీము పట్టినా మచ్చ గట్టిపడి ముడుచుకుపోతుందని, అప్పుడు వేళ్ళు పూర్తిగా చాపడం కష్టమని కూడా చెప్పింది.

“గుడ్డ లాగాలంటే వేళ్ళు చాపాలండి,” అంది పాపాయి. డాక్టరుకి ఆ మాట అర్థం కాలేదు. నర్సుకి అర్థమైంది.

ఆ నర్సు పేరు ప్రిస్కిల్లా. రాజమండ్రి పిల్ల, లూథరన్ చర్చివాళ్ళు. మొగుడు లారీ మీద పోతే వారానికోసారి వస్తాడు. పుండు శుభ్రపడేదాకా రోజూ కడిగి కట్టాలన్నారు గనక పాపాయి రోజూ చినబాబు ఆటోలో వెళ్ళేది. ప్రిస్కిల్లా ఆ చేతిని తన ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుని, మందునీళ్ళు పోసి, పాత కట్టు నానబెట్టి, పొర పొరా విప్పేది. మంట తెలియకుండా ఉండాలని కబుర్లు చెప్పేది. అత్తగారి కోపం గురించి, చర్చి పాటల్లో తనకి పై గొంతు అందకపోవడం గురించి. పాపాయి దుర్గ గురించి చెప్పేది. అప్పుడప్పుడు తీర్పులు కూడా చెప్పేది. అత్తగారిదే న్యాయమని ఒకరోజు తీర్పు చెబితే ప్రిస్కిల్లా అలిగింది కూడా.

పుండు కడుగుతుంటే ప్రాణం పోయేంత మంట. అయినా పొద్దున్నే లేస్తూనే పాపాయికి ఉత్సాహంగా ఉండేది. ఉతికిన చీర కట్టుకునేది. మంటకి భయపడాల్సిన మనిషి ఆటో కోసం వీధిలో ముందే నిలబడుతుంటే చినబాబు, “సినిమాకి వెళ్తున్నారేంటండీ,” అని ఆటపట్టించేవాడు. పాపాయికి అది సినిమా కన్నా ఎక్కువే. రెండేళ్ళుగా ఆవిడ ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు, చెప్పుకోలేదు.

పుండు ఎర్రగా, శుభ్రంగా తేలాక ఒకరోజు డాక్టరు చిన్న సంచీ కత్తిరించి, అందులోంచి పల్చటి తెల్లటి రేకు ఒకటి పైకి తీసింది. దాన్ని మందునీళ్ళలో జాడించి మెత్తబరిచింది. ప్రిస్కిల్లా ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని కాలినమేరా పరిచి, కింద గాలి బుడగ మిగలకుండా వేళ్ళతో ఒత్తారు. పాపాయి మంట మర్చిపోయి చూసింది. వెలుతురు ఇటునుంచి అటు పోయేంత పల్చన. ఎక్కడా ముడత లేదు.

“ఇది ఏ బియ్యం అండీ?” అని అడిగింది.

డాక్టరు నవ్వి, బియ్యం కాదు, కొల్లాజెన్ అంది. మనిషి చర్మంలోనూ ఇదే ఉంటుందట. చర్మాన్ని చిరిగిపోకుండా పట్టి ఉంచే నార ఇదేనట. కాలినచోట ఆ నార దెబ్బతింటుంది. అందుకని బయట తయారుచేసింది పరుస్తారు. “ఆనపపాదుకి పందిరి వేస్తారు కదండీ, అలాగన్నమాట. తీగ మీ ఒంటిదే. పందిరి మేం వేస్తాం. పుండు అంచుల్నించీ లోపల్నించీ మీ చర్మమే దీన్ని పట్టుకుని పాకుతుంది. కింద కొత్త చర్మం వచ్చాక ఇది దానంతటదే ఊడిపోతుంది,” అంది.

దేన్నుంచి చేస్తారో కూడా పాపాయి అడిగింది. పశువుల చర్మం నుంచి తీసేవి ఉన్నాయనీ, ఇది మాత్రం చేప చర్మం నుంచి తీసి శుద్ధి చేసిందనీ డాక్టరు చెప్పింది. పాపాయికి చేపంటే ఏ పేచీ లేదు. పులస కోసం ఏటా ఎదురుచూసే ఊరు మాది. కాకపోతే కార్తీకంలో నీచు ముట్టదు, పొద్దున్నే దీపం పెడుతుంది. ఇప్పుడు చేతికే చేప అంటించారు. దీపం ఏ చేత్తో పెట్టాలన్నది ఆవిడ సందేహం. చర్చికి పోయే ప్రిస్కిల్లాయే తేల్చేసింది. లోపలికి పుచ్చుకుంటే దోషం గానీ పైన వేసుకుంటే ఏముందండీ, అనుమానముంటే ఎడంచేత్తో పెట్టండి, శివుడు చూసుకుంటాడు అని.

అప్పటిదాకా నవ్వులే. ఆ తర్వాత డాక్టరు మంచి కబురు చెప్పింది. ఈ రేకు వేశాక రోజూ కడగడం, కట్టు మార్చడం అక్కర్లేదు. నొప్పి కూడా ఉండదు. దాన్ని తడపకుండా, కదపకుండా వదిలేస్తే దాని పని అది చేసుకుపోతుంది. “రోజూ ఇంతదూరం రానక్కర్లేదండి, వచ్చేవారం కనపడితే చాలు,” అంది. ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టేవాళ్ళు. పాపాయి తలూపింది గానీ ముఖం చిన్నబోయింది. ప్రిస్కిల్లా అప్పటికే ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక రేకు ఆరి చేతికి అతుక్కుపోయింది. డాక్టరు చెప్పినట్టే నొప్పి సగానికి సగం తగ్గింది. నొప్పి తగ్గాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసొచ్చింది. పని లేదు. గంగరాజు ప్రస్తుతానికి ఇంకొకరి దగ్గర రేకులు తీసుకుంటున్నానని, చెయ్యి బాగయ్యాక చూద్దామని కబురు పంపాడు. వ్యాపారం మనిషి, తప్పుపట్టడానికి లేదు. దాంతో సైకిలు మనిషి రావడం మానేశాడు. కొబ్బరాకు మనిషీ మానేశాడు. చెయ్యి అవిటిదైతే తనకి మిగిలేది ఈ ఇల్లూ, ఈ చప్పుడు లేకపోవడమూ అని పాపాయికి అర్థమైంది. ఆవిడ భయపడింది. తిండి గురించి కాదు, బతికున్న సంగతి ఎవరికీ అవసరం లేకుండా పోతుందని భయపడింది.

మధ్యాహ్నాలు అలవాటుకొద్దీ చల్లారిన కుండ ముందే పీట వేసుకుని కూర్చునేది. అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఒళ్ళో ఉన్న కుడిచేతి మీద రేకు అంచు పైకి లేచింది. ఎడంచెయ్యి వెళ్ళి అందుకుంది. అందుకుని తీసేసింది. ఎంత చక్కగా తీసిందంటే సగానికి పైగా ఒక్క ముక్కగా వచ్చింది. కుండకైతే నొప్పి ఉండదు. చేతికి ఉంది. కింద లేతగా పాకుతున్న చర్మం దాంతోపాటే లేచిపోయి నెత్తురు చిమ్మింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. చినబాబు ఆటో పరుగెత్తించాడు. డాక్టరు ముందు మండిపడింది. పిల్లలకి చెప్పినట్టు చెప్పాను కదండీ అంది. “అంచు లేచిందండి. చెయ్యి వెళ్ళిపోయింది,” అంది పాపాయి. పూతరేకు ఎలా తీస్తారో ప్రిస్కిల్లా వివరించాక డాక్టరుకి నవ్వాగలేదు. పక్కగది వాళ్ళకి చెప్పింది. మందులషాపు మనిషి కూడా వచ్చి చూసిపోయాడు. ఆ రోజు పాపాయి నర్సింగ్‌హోములో పెళ్ళికూతురు. నెత్తురోడుతున్న చెయ్యి పట్టుకుని అందరితో కలిసి తనూ నవ్వింది.

అలవాటు అన్నారందరూ. తనూ అలవాటే అంది. నిజమే. కానీ రేకు తీసిన మరుక్షణం, నెత్తురు చూడగానే మొదట మనసులోకొచ్చింది ఏడుపు కాదనీ, ఇవాళ రావులపాలెం వెళ్ళొచ్చు అనే మాటేననీ చాలాకాలం తర్వాత మా అమ్మకి చెప్పిందట. చెప్పి సిగ్గుపడిందట.

మళ్ళీ కొత్త రేకు వేశారు. ఈసారి డాక్టరు నవ్వలేదు. ఇంకోసారి పీకితే మచ్చ పడుతుంది, వేళ్ళు బిగుసుకుంటాయి, ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదంది. గుమ్మం దాకా వచ్చిన ప్రిస్కిల్లా మాత్రం ఇంకో దారి చెప్పింది.

“అంచు లేస్తే మీరు ముట్టుకోకండి పిన్నిగారూ. నా దగ్గరికి వచ్చెయ్యండి. లేచినంతమేరే కత్తిరించి పంపిస్తాను.”

పాపాయి ఆ మాట కొంగున కట్టుకుని ఇంటికొచ్చింది. ఎడంచేతికి పాత చీరపేలిక చుట్టుకుని కూర్చుంది. కుడిచేతిని కళ్ళలో వత్తులేసుకుని చూసింది. మణికట్టు దగ్గర కొస లేవడమే తరువాయి, చినబాబుకి ఫోను. ప్రిస్కిల్లా చిన్న కత్తెరతో ఆ కొసని తీసేసింది. కింద గులాబీరంగు కొత్త చర్మం మెరుస్తోంది. డాక్టరు చూసి, పందిరి కింద తీగ బాగా పాకుతోందంది.

అక్కడ్నించి అదొక వరస అయిపోయింది. ఒకసారి మోచేతివైపు లేస్తుంది, ఒకసారి బొటనవేలి పక్కన. లేచినప్పుడల్లా పాపాయి ప్రయాణం. వెళ్ళేటప్పుడు కంద బచ్చలి కూర ఒక గిన్నెలో పట్టుకుపోయేది, పక్కింటి కోడలి చేత తరిగించి, ఎడంచేత్తో వండి. కార్తీకంలో ఆ కూర తినకపోతే పాపమని ప్రిస్కిల్లాకి నమ్మబలికింది. ప్రిస్కిల్లా పాపానికి కాక కూర రుచికి తినేది. వరసలో తన వంతు వచ్చినా పాపాయి వెనకవాళ్ళని ముందుకి పంపేది. మీరెళ్ళండమ్మా, నాకేం తొందర లేదు అనేది. తొందర లేని రోగిని ఆ నర్సింగ్‌హోములో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అయితే కత్తిరించిన ప్రతిసారీ చేతి మీద రేకు తగ్గిపోతోంది. ముందు మోచెయ్యి బయటపడింది. తర్వాత ముంజెయ్యి. వేళ్ళు ఒకటొకటే చాపుకుంటున్నాయి. గంగరాజు మనిషి ఒకసారి వచ్చి చూసి, బస్సులింకా వస్తున్నాయి, తొందరగా కానివ్వండి అని వెళ్ళాడు. పాపాయి కోరుకున్నది అదే. చెయ్యి బాగవ్వాలని పొద్దున్న దీపం దగ్గర మొక్కుకునేది. మధ్యాహ్నం మిగిలిన రేకుని చూసుకుని, ఇంకెన్ని ప్రయాణాలున్నాయోనని దిగులుపడేది. ఆ దిగులు ఇంతా అంతా కాదు.

ప్రిస్కిల్లా గమనించకుండా ఎలా ఉంటుంది? మొదట్లో లేచినంతా ఒకేసారి కత్తిరించే పిల్ల, రానురాను దారప్పోగంత తీసి, ఇవాళ్టికి ఇది చాలండీ అనడం మొదలుపెట్టింది. పాపాయి సరేనమ్మా అనేది.

చివరికి మణికట్టు వెనక బొట్టుబిళ్ళంత మిగిలింది. అది గట్టిగానే ఉంది. ఇంకో రెండుసార్లకి వస్తుందనుకుంది పాపాయి. ఒక ఉదయం స్నానం చేస్తుంటే చేతి మీద చూపు పడింది. అది లేదు. చెంబులో చూసింది, బకెట్లో చూసింది, నీళ్ళు పోయే తూము దగ్గర కూర్చుని వేళ్ళతో వెతికింది. నీళ్ళలో నానిన రేకు ఎక్కడ దొరుకుతుంది? చెయ్యి చూసుకుంటే ఎక్కడా పుండు లేదు. వేళ్ళన్నీ బారుగా చాపితే పూర్వంలాగే చాపుకున్నాయి. తడి చీరతో తూము పక్క రాళ్ళ మీదే కూర్చుని పాపాయి ఏడ్చింది. దుర్గ పోయినప్పుడు పదిమందీ ఉన్నారని సరిగ్గా ఏడవలేకపోయింది. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు.

చెయ్యి బాగైందని గంగరాజుకి తనే కబురు పంపింది. మర్నాటి నుంచి రేకులు తియ్యమని జవాబొచ్చింది. బియ్యం నానబోసింది. అప్పుడు ఉతికిన చీర కట్టుకుని, ఆటో కోసం చూడకుండా బస్సెక్కి రావులపాలెం వెళ్ళింది.

వరసలో కూర్చుంది. వచ్చినవాళ్ళందరినీ ముందుకి పంపింది. ఇక పంపడానికి ఎవరూ మిగలనప్పుడు లోపలికి వెళ్ళింది. ప్రిస్కిల్లా నవ్వుతూ చెయ్యి అందుకుని కత్తెర తీసింది. మణికట్టు తిప్పి చూసింది, మళ్ళీ ఇటు తిప్పింది.

“ఏదండీ, ఏం లేదుగా? పూర్తిగా తగ్గిపోయింది. ఇంక మీరు రానక్కర్లేదండి పిన్నిగారూ.”

“తెలుసమ్మా. నీళ్ళు పోసుకుంటుంటే ఊడిపోయింది.” పాపాయి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. “మా దుర్గ పోయాక నా చెయ్యి పట్టుకున్నదానివి నువ్వొక్కదానివే. పుండు లేదు కదా అని వదిలెయ్యకు. ఒక్క ఘడియ పట్టుకో.”

ప్రిస్కిల్లా కత్తెర పక్కన పెట్టింది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, చేతులకున్న రబ్బరు తొడుగులు రెండూ లాగి బుట్టలో పడేసింది. ఇన్నాళ్ళూ ఆ తొడుగుల్తోనే పట్టుకుంది. ఇప్పుడు ఉత్త చేతులతో పాపాయి చేతిని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుంది. లేత చర్మానికి ప్రతిదీ తెలుస్తుంది. ప్రిస్కిల్లా అరచేతులు రోజుకి పదిసార్లు సబ్బుతో కడిగీ కడిగీ గరుకుతేలి ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. ఆ సంగతి పాపాయికి అప్పుడే తెలిసింది.